చిత్రిక ముక్కు మీద పేరు

హాలిఫాక్స్
4 మే 1997, ఆదివారం

నార్మన్ అన్నయ్యా,

నీ ఉత్తరం పూర్తిగా అందింది. వదిన పంపిన అల్లం కేకు మాత్రం సగమే అందింది. మిగతా సగం పోస్టుమాన్ తిన్నాడని మా ఆయన ఫ్రాంక్ అంటున్నాడు. పోస్టుమాన్ ఈయన చొక్కా మీద కూర్చుని తిన్నట్టున్నాడు, పొడి అంతా అక్కడే రాలింది. ఈసారి రెండు చెయ్యమని గ్వెన్ వదినకు చెప్పు. ఒకటి నా పేర, ఒకటి పోస్టుమాన్ పేర.

ఇవన్నీ ఫోనులో చెప్పేస్తే పోయేది, కానీ నీతో లాభం లేదు. నలభై ఏళ్ళు సామిల్లులో రంపాల పక్కన నిలబడి రెండు చెవులూ వాటికే ఇచ్చేశావు. కిందటిసారి నేను ఫోనులో అరిచిన అరుపులకు పక్కింటి కుక్క జవాబిచ్చింది గాని నువ్వు ఇవ్వలేదు. అందుకని కాగితమే మేలు. కాగితం మీద నేనెంత తిట్టినా నీకు స్పష్టంగా వినిపిస్తుంది.

ఈ పొద్దున మామూలుగానే డిక్కీ సంతకు వెళ్ళాను. ఆరున్నరకల్లా రైతు మైదానం నిండిపోయింది. కార్లన్నీ వరసగా వీపులు తిప్పి, డిక్కీలు తెరుచుకుని, ఇళ్ళల్లో పనికిరాని సరుకంతా గడ్డి మీద కక్కేశాయి. ఫ్రాంక్ ఎప్పటిలాగే కారులోంచి దిగలేదు. ఫ్లాస్కు, పేపరు, బేకన్ రొట్టె ఉంటే ఆయనకు అదే స్వర్గం. నేను తిరిగి వచ్చినప్పుడు అద్దం రెండు అంగుళాలు దింపి "దొరికాయా?" అంటాడు. జాము సీసాలు దొరికాయా అని అడగడం. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం నేను పాత జాము సీసాలు కొంటున్నానన్న సంగతి నీకు తెలిసిందే. మా నేలమాళిగలో ఇప్పుడవి రెండు వందల పైనే ఉన్నాయి. జాము మాత్రం ఫ్రాంక్ కోసం కొట్లో కొంటాను.

పెంబర్టన్ సంగతి చెప్పాను కదూ, పాత పనిముట్లు అమ్మే పెద్దమనిషి. మెడకు సీతాకోకచిలుక టై, జేబులో భూతద్దం. మేకుకు కూడా వంశవృక్షం చెప్పే రకం. నెల కింద మంచం స్ప్రింగు కొక్కెం ఒకటి చేతిలో పట్టుకుని దీర్ఘాలోచనలో ఉన్నాడు. నా నోరు ఊరుకుంటుందా? ఏమీ ఎరగనట్టు వెళ్ళి, అయ్యో, ఇది గుర్రం మీసాలు దువ్వే దువ్వెన కదండీ, మా తాత సైన్యంలో దీంతోనే దువ్వేవాడు అన్నాను. ఆయన భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, అలాగా టాటర్సాల్ గారూ, నాకూ అదే అనుమానం అన్నాడు. మరుసటి ఆదివారానికి దానికి చక్కటి చేతిరాతతో చీటీ కట్టాడు: "గుర్రపు మీసాల దువ్వెన, సైనిక దళానిది, అరుదైనది." టీ బండి వెనక్కి పోయి కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాను. ఇంకా చిత్రం, అది ఇవాళ అక్కడ లేదు. అమ్ముడుపోయిందట. కొన్న మహానుభావుడు ఇప్పుడు ఏ గుర్రం మూతి ముందు నిలబడ్డాడో.

ఇక నీ ప్రశ్న. మీ అమ్మాయి హేజెల్ వడ్రంగం అప్రెంటిస్ జూన్ ఏడుకల్లా పూర్తవుతుందని రాశావు. మన ఇంట్లోంచి ఒక ఆడపిల్ల బల్ల దగ్గర నిలబడి ఉలి పట్టి, పరీక్ష నెగ్గి, జీతం తీసుకోబోతోందంటే నాకెంత సంతోషమో రాయడానికి ఈ పెన్ను చాలదు. ఆ తర్వాత ఇంకొక మాట రాశావు. ఆ రోజున నాన్న పనిముట్ల పెట్టె ఉంటే దాని చేతుల్లో పెట్టేవాణ్ణని, ఆ దొంగతనం గురించి తర్వాతెప్పుడైనా ఏమైనా తెలిసిందా అని.

పదమూడేళ్ళ కిందటి దొంగతనం అన్నయ్యా. ఆ దొంగకు ఈపాటికి మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చి ఉంటాయి. ఏం తెలుస్తుంది.

టీ చల్లారిపోతోంది. మిగతాది మళ్ళీ రాస్తాను.

పొడి కూడా మిగలని
నీ చెల్లెలు డోరీన్

•

హాలిఫాక్స్
14 మే 1997, బుధవారం

నార్మన్ అన్నయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. వదినను పక్కనే కూర్చోమను. విసరడానికి వీలైనవేవీ దగ్గర పెట్టుకోకు, టీ కప్పుతో సహా.

నాన్న పెట్టెను దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. షెడ్డు తాళం పగలగొట్టింది నేను. పెట్టెను పాత సామాన్ల బండివాడికి అమ్మింది నేను. అమ్మేశాక తాళాన్ని గడ్డిలో పారేసి, నీకు ఉత్తరం రాసి, "దొంగలు పడ్డారు అన్నయ్యా" అని రెండు చోట్ల నీళ్ళ చుక్కలు కూడా వేసింది నేనే. అవి కన్నీళ్ళు కావు. కుళాయి నీళ్ళు.

ఎందుకు చేశానో చెబుతాను. సాకు అనుకుంటే అనుకో.

నాన్న దగ్గర నువ్వు పని నేర్చుకుంటున్న రోజుల్లో షెడ్డులో నేనూ ఉండేదాన్ని, గుర్తుందా? పొట్టు ఊడ్చేదాన్ని, జిగురు కాచేదాన్ని. పదేళ్ళకే సాన పట్టడం వచ్చింది. పన్నెండేళ్ళకు నాన్న చెక్క నునుపు చేసే చిత్రికల బ్లేడ్లన్నీ నేనే సాన పట్టేదాన్ని. నువ్వు పడితే అంచు ఎప్పుడూ ఎడమకు వాలేది, నాన్న నెత్తి మీద మొట్టి నా చేతికి ఇచ్చేవాడు. ఊళ్ళో జనం ఏమోస్ హోల్‌రాయిడ్ బ్లేడుతో గడ్డం గీసుకోవచ్చు అనేవాళ్ళు. ఆ పదును నాది. పేరు నాన్నది. ఆ వయసులో నాకది తప్పని కూడా తోచలేదు.

నీ అప్రెంటిస్ పూర్తయిన రోజున నాన్న నీకు పేరు ముద్ర చేయించి ఇచ్చాడు. చిన్న ఉక్కు ముక్క, కొసన తిరగేసిన అక్షరాలు. చిత్రిక ముందు భాగాన, ముక్కుకు ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే చెక్కలోకి పేరు దిగిపోతుంది. ఇక ఆ చిత్రిక ఎన్ని చేతులు మారినా ఆ పేరు ఎవరూ చెరపరు. తర్వాతివాడు దాని కింద తన పేరు కొట్టుకుంటాడు, అంతే. నీ సొంత చిత్రిక మీద నువ్వు మొదటి దెబ్బ కొట్టినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఎన్. హోల్‌రాయిడ్ అని పడింది. నాకు ఎంత నచ్చిందో. అక్కడే అడిగాను.

"నాన్నా, నా ముద్ర ఎప్పుడు చేయిస్తావు?"

"నీకెందుకే ముద్ర? పెళ్ళయితే ఇంటిపేరే మారిపోతుంది. అక్షరాలు దండగ."

షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు. నువ్వు కూడా నవ్వావు అన్నయ్యా. నాన్న నవ్వు మర్చిపోయాను గాని అది మర్చిపోలేకపోయాను. ఆ మరుసటి వారమే ఉన్ని మిల్లులో పనికి చేరాను. మళ్ళీ సానరాయి ముట్టలేదు. అందరినీ ఏడిపించే వేషాలు కూడా అప్పటినుంచే మొదలుపెట్టాననుకుంటా. నన్ను చూసి జనం నవ్వేలోగా నేనే నవ్వించేస్తే సరిపోతుంది కదా.

నాన్న పోతూ పెట్టె నీకు రాశాడు. న్యాయమే. నువ్వు దూరంగా ఉన్నావు, వచ్చి తీసుకెళ్ళేదాకా చూసుకోమన్నావు. ఒక రోజు దుమ్ము తుడుద్దామని మూత తీశాను. ఇరవై మూడు చిత్రికలు, అన్నింటి ముక్కు మీదా ఎ. హోల్‌రాయిడ్. కింద నీ పేరుకు ఖాళీ. నాకెక్కడా ఖాళీ లేదు. అదే సమయానికి వీధిలో బండివాడి గంట వినపడింది. మిగతాది నీకు తెలుసు. వచ్చిన డబ్బుతో బూట్లు కొనుక్కున్నాను. అవి కరిచాయి. మంచిపని చేశాయి.

ఇక రెండో సగం. ఇది చెబితే నువ్వు కొంచెం తక్కువ తిడతావని ఆశ.

రెండేళ్ళ తర్వాత ఉండబట్టలేక సంతలో వెతకడం మొదలుపెట్టాను. కొన్ని వారాలకు ఒక ఆదివారం డిక్కీ సంతలో పింగాణీ కుక్కల మధ్య ఒక చిత్రిక కనపడింది. తిప్పి ముక్కు చూశాను. ఎ. హోల్‌రాయిడ్. అక్కడే గడ్డి మీద కూలబడ్డాను. కుక్కలమ్మే ఆవిడ నీళ్ళిచ్చింది. ఒంట్లో బాగోలేనట్టు మూలిగి ధర సగం తగ్గించుకున్నాను, అది వేరే సంగతి. ఆ రోజునుంచి ఒక్క ఆదివారం కూడా మానలేదు. జాము సీసాలు నాటకం. వానలో, మంచులో, జ్వరంతో, ఫ్రాంక్ తల్లి అంత్యక్రియల రోజున కూడా వెళ్ళాను, టోపీ మాత్రం నల్లది పెట్టుకుని. ఏడాదికి రెండు, కొన్నేళ్ళు మూడు. పెంబర్టన్ పెట్టెల అడుగున కొన్ని. ముల్లంగి అమ్మే రైతు భార్య దగ్గర ఒకటి, పిల్లల బొమ్మల కింద ఒకటి, టీ బండి ఆవిడ గిన్నెలు తోమే తొట్టి పక్కన ఒకటి. దేవుడు నన్ను చూసి ఒక్కొక్కటే గడ్డి మీద పెడుతున్నాడేమో అనిపించేది. నా పాపానికి అంత మర్యాదా అని కూడా అనిపించేది.

దొరికిన రోజున నాకెలా ఉంటుందో ఎవరికీ చెప్పుకోలేదు. ఇంటికి తెచ్చి, బొగ్గు గోతాల వెనక పెట్టెలో దాచి, మూత వేసి, దాని మీద కూర్చుని కాసేపు పాడుకునేదాన్ని. ఇంకో వింత చెప్పనా? సంతలో దొరికే ఉలితో వెన్న కూడా తెగదు, జనం వాటితో రంగు డబ్బాల మూతలు లేపుతారు. కానీ నాన్న చిత్రికలు ప్రతిదీ పదునుగానే దొరికింది. మొదటిదానికి నా బొటనవేలు తెగింది. నాన్న పేరు చూసి జనం వాటికి అంత గౌరవం ఇచ్చారన్నమాట. అయితే మధ్యలో ఎవడో వెధవ అన్నింటినీ ఎడమకు వాలుగా సాన పట్టాడు. వాడి చెయ్యి పడిపోను. నేను మళ్ళీ సానరాయి కొనుక్కుని, ముప్పై ఏళ్ళ తర్వాత, ఒక్కొక్కటీ సరిచేశాను. చేతులు ఏమీ మరిచిపోలేదు అన్నయ్యా.

ఇప్పటికి ఇరవై రెండు. గాడి తీసే చిత్రిక ఒక్కటే దొరకలేదు. నాన్న స్వయంగా చేసుకున్నది, చెక్క మరలతో, ఇత్తడి అంచుతో, నువ్వు ముట్టుకోబోతే చేతి మీద కొట్టేవాడే, అది. దాన్ని కూడా కలిపి ఇరవై మూడూ నీ ముందు పెట్టి అప్పుడు నిజం చెప్పాలనుకున్నాను. రెండేళ్ళుగా అది కనపడలేదు, నాకు ధైర్యమూ రాలేదు. నువ్వు హేజెల్ గురించి రాశాక ఇక దాచడం నావల్ల కాలేదు.

జూన్ ఏడున ఇరవై రెండూ విట్బీలో మీ ఇంటికి తెస్తాను. నువ్వు తలుపు తీస్తే లోపల పెడతాను. తీయకపోతే గడప మీద పెట్టి, సముద్రం చూసి, ఇంటికి వచ్చేస్తాను. అవి హేజెల్‌వి. మేనత్త దొంగ అని మాత్రం దానికి చెప్పకు. దొంగలకు బుద్ధి వచ్చి తిరిగి ఇచ్చారని చెప్పు. అబద్ధం కాదు కూడా.

కుళాయి నీళ్ళు కాదు ఈసారి,
డోరీన్

•

విట్బీ
20 మే 1997

చెల్లీ,

నీ ఉత్తరం మీ వదిన పైకి చదివింది. నాకు వినపడలేదు గాని ఆమె ముఖం చూసి అర్థమైంది. తర్వాత నేనూ చదువుకున్నాను. నీలాగా రాయడం నాకు రాదు. వరసగా చెబుతాను.

పెట్టె అమ్మింది నువ్వేనని నాకు అదే వారంలో తెలిసింది. బండివాడు దాన్ని నేరుగా పెంబర్టన్ కొట్టుకు తీసుకెళ్ళాడు. పెంబర్టన్‌కు నాన్న కిటికీలు చేసి ఇచ్చాడు, ఆ ముద్ర ఆయనకు తెలుసు. నాకు ఉత్తరం రాశాడు. అమ్మినావిడ ఆకుపచ్చ కోటు వేసుకుంది, నోరు బాగా పెద్దది అని రాశాడు. నీ దొంగల ఉత్తరం, ఆయన ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. వెళ్ళి పెట్టె మొత్తం కొని తెచ్చుకున్నాను. ఆరు నెలలు నీకు రాయలేదు, గుర్తుందా? నాన్న పోయిన దిగులని నువ్వు అనుకున్నావు. అది కోపం.

నీ వంతుకు నాన్న ఒక్క ఉలి అయినా ఎందుకు ఇవ్వలేదని గ్వెన్ ఒక రోజు అడిగింది. షెడ్డులో నవ్విన సంగతి నాకూ గుర్తుంది. నాన్నది పాతకాలపు బుద్ధి. నాకు పందొమ్మిదేళ్ళు, నాకు తెలిసి ఉండాల్సింది. నీ పదునుతో నేను పరీక్ష నెగ్గాను.

తర్వాత నువ్వు ప్రతి ఆదివారం సంతకు పోతున్నానని, జాము సీసాలని రాశావు. నీకు జాము పడదు, చిన్నప్పటినుంచీ. వెతుకుతున్నావని తెలిసిపోయింది. పెట్టె మొత్తం పంపేద్దామనుకున్నాను. కానీ నువ్వే చెబుతావేమో చూద్దామని ముందు ఒక్క చిత్రిక పెంబర్టన్‌కు పంపాను, నీకు కనపడేచోట పెట్టమని. ఆ వారం నీ ఉత్తరం నాలుగు పేజీలు వచ్చింది. హాలిఫాక్స్ వాతావరణాన్ని పొగిడావు. ఆ ఊరి వాతావరణాన్ని పొగిడిన మనిషి ఇంతవరకు లేదు. ఇక ఆపలేకపోయాను. ఎప్పుడైనా నీ ఉత్తరంలో దిగులు కనపడితే ఒక చిత్రిక పంపేవాణ్ణి. పెంబర్టన్ ఒక్కడే కాదు, కుక్కలావిడ, ముల్లంగి ఆవిడ, టీ బండి ఆవిడ, అందరికీ తెలుసు. ఫ్రాంక్‌కు మొదటినుంచీ తెలుసు. నువ్వు ఏ వరసలో తిరుగుతావో చెప్పేది అతనే.

నువ్వు తిట్టిన ఎడమచేతి వాలు వెధవను నేనే. నీ వేలు మొద్దు బ్లేడుతో తెగితే పుండవుతుందని ప్రతిదీ సాన పట్టి పంపాను. అంత కన్ను ఉన్న మనిషివి, సంతలో ఏదీ పదునుగా ఉండదని తెలిసినదానివి, ఇరవై రెండుసార్లు ఎలా నమ్మావో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పెంబర్టన్ సైన్యంలో గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. దువ్వెన కొన్నది నేనే. గ్వెన్ దాంతో ఉన్ని చిక్కు తీస్తోంది.

గాడి చిత్రిక నేనే ఆపి ఉంచాను. నువ్వు చెప్పాక పంపాలని. రెండేళ్ళు చూశాను. నీకు తోవ దొరకలేదని తెలిసి హేజెల్ మాట, పెట్టె మాట రాశాను. ఇప్పుడు పంపుతున్నాను, ఈ పార్శిల్‌లో ఉంది. దాని కింద కాగితంలో చుట్టిన చిన్నది కూడా ఉంది, జాగ్రత్తగా విప్పు. షెఫీల్డ్‌లో అక్షరాలు చెక్కే ముసలాయన ఒకడు ఇంకా ఉన్నాడు. ఇన్నేళ్ళుగా చిత్రికలకు నువ్వు ఇచ్చిన డబ్బంతా పెంబర్టన్ ఒక డబ్బాలో వేసి ఉంచాడు, దానితోనే చేయించాను. నువ్వు అంత గీచి గీచి బేరమాడకుండా ఉంటే డోరీన్ అని పూర్తిగా వేయించేవాణ్ణి. డి దగ్గరే ఆగాల్సి వచ్చింది.

నాన్న చిత్రికల మీద నా పేరు నేను కొట్టలేదు. మొదటి రెండేళ్ళు కోపంతో కొట్టలేదు. తర్వాత, ముందు నువ్వు కొట్టాలనిపించింది.

తలుపు తీసే ఉంటుంది. రెండు కేకులు ఉంటాయి.

అన్నయ్య
నార్మన్

•

హాలిఫాక్స్
9 జూన్ 1997, సోమవారం

దొంగల్లోకెల్లా గజదొంగ అన్నయ్యా,

నీ పార్శిల్‌కు జవాబు ఎందుకు రాయలేదని విట్బీలో మూడుసార్లు అడిగావు. ఇదిగో జవాబు. నాకు చేతులు ఖాళీ లేవు. ఆ కాగితం విప్పి, డి. హోల్‌రాయిడ్ అన్న తిరగేసిన అక్షరాలు వేలితో తడిమి చూసుకున్నాను. నాన్న దండగన్న అక్షరాలు. ముప్పై అయిదేళ్ళు టాటర్సాల్‌గా బతికిన ఆడదానికి పుట్టింటి పేరు ఉక్కులో చెక్కి పంపే పిచ్చివాడు ఈ దేశంలో ఇంకొకడు ఉండడు. ఆ తర్వాత సుత్తి వెతుక్కున్నాను. మొదటి దెబ్బ అప్పడాల కర్రకు. రెండోది ఫ్రాంక్ క్రికెట్ బ్యాటుకు. మూడోది ఆయన కూర్చునే కుర్చీ చేతికి, సరిగ్గా ఆయన మోచెయ్యి ఆనేచోట. పదకొండేళ్ళు అద్దం రెండంగుళాలు దింపి "దొరికాయా?" అని అడిగినందుకు. ఏమీ ఎరగనివాడిలా.

పార్శిల్ అందిన తర్వాతి ఆదివారం సంతకు వెళ్ళాను. గుండె మండుతోంది, నవ్వు ఆగడం లేదు. కుక్కలావిడ ముందు నిలబడి, నీకూ తెలుసా అన్నాను. ఆవిడ తల దించుకుని కుక్కలను తుడిచింది. టీ బండి ఆవిడ, పోనీలే తల్లీ, నువ్వు గెంతులేస్తూ వస్తే మాకూ ఆ వారమంతా బాగుండేది అంది. పెంబర్టన్ మాత్రం టై సర్దుకుని, భూతద్దం తీసి నన్ను పైనుంచి కిందదాకా చూసి, "టాటర్సాల్ గారూ, అరుదైన సరుకు, పదకొండేళ్ళు ఒక్కసారి కూడా అనుమానించలేదు" అన్నాడు. అంతమంది ముందు నన్ను ఓడించిన మొదటి మనిషి. ఆ టైని ముద్దు పెట్టుకుని వచ్చాను. ఆయన ఎర్రబడిన తీరు చూడాల్సింది.

ఇక శనివారం సంగతి. నీ గడప మీద పెట్టె దించి, హేజెల్‌ను పిలిచి, దొంగల కథ చెప్పబోయి, చెప్పలేకపోయాను. మొత్తం నిజమే చెప్పాను కదూ. ఆ పిల్ల విని, ఏడుస్తుందనుకుంటే, "అత్తా, బూట్లు నిజంగా కరిచాయా?" అని ఒకటే నవ్వు. అది నా పోలికే, మీ ఇద్దరికీ కష్టాలు మొదలయ్యాయి. తర్వాత నువ్వు గాడి చిత్రిక నా చేతికిచ్చి కొట్టమన్నావు. అందరూ చూస్తున్నారు. వద్దన్నాను. నీ ముఖం వాడిపోవడం చూశాను. ఆదివారం బయల్దేరేటప్పుడు ఒక సంగతి నీకు చెప్పేద్దామా అని నాలుక దురద పెట్టింది, పట్టుకున్నాను. ఇంటికి వచ్చేదాకా కారులో నీ ముఖమే గుర్తొచ్చింది.

ఇప్పుడు చెబుతాను. మరునాడు పొద్దున నువ్వూ ఫ్రాంకూ చేపలు కొనడానికి రేవుకు వెళ్ళినప్పుడు నేను తలనొప్పి అని ఉండిపోయాను. హేజెల్ నాకు తోడుగా ఉండిపోయింది. తలనొప్పి లేదు. మేమిద్దరం ముద్ర, సుత్తి తీసుకుని మీ ఇల్లు తిరిగాం. ఇరవై రెండు చోట్ల కొట్టాం. నువ్వు నన్ను మోసం చేసిన ఒక్కోసారికి ఒకటి. నీ చేతికర్ర పిడి, గ్వెన్ రొట్టె కోసే పలక, నీ పైపుల స్టాండు, టాయిలెట్ సీటు అడుగుభాగం, చర్చికి పట్టుకెళ్ళే గొడుగు. మిగతావి నువ్వే వెతుక్కో. నాకు పదకొండేళ్ళు పట్టింది. నీకెంత పడుతుందో చూస్తాను. వదినకు ముందే తెలుసు. రొట్టె పలక ఆవిడే పట్టుకుంది.

ఇరవై మూడోది చెబుతాను, దానికోసం నిన్ను వెతికించను. హేజెల్ షెడ్డుకు వెళ్ళు. పెట్టె మూత తీసి గాడి చిత్రిక బయటికి తియ్యి. ఈ ఉత్తరం నీకు అందేదాకా దాన్ని ఎవరికీ చూపించనని ఆ పిల్ల నాకు మాటిచ్చింది. ముక్కు వెలుతురుకు తిప్పు. పైన నాన్న. దాని కింద నువ్వు. నీ ముద్ర నీ బల్ల సొరుగులోనే దొరికింది, తుప్పు కూడా పట్టలేదు. నిన్ను అడగకుండా కొట్టాను, అన్నవు కాబట్టి పైన చోటిచ్చాను. దాని కింద నేను. నా కింద వేలెడు ఖాళీ ఉంచాం. హేజెల్ ముద్రకు షెఫీల్డ్ ముసలాయనకు నేనే రాశాను. దాని పేరు పూర్తిగా వేయమన్నాను, ఒక్క అక్షరం కూడా తగ్గించొద్దని, బేరమాడనని.

హేజెల్ చిత్రికను రెండు చేతులతో పట్టుకుంది. నేను ముద్ర ఆనించాను. ఒక్క దెబ్బే కొట్టాను. పేరు సరిగ్గా పడలేదు, ఎడమకు కొంచెం వాలింది. మళ్ళీ కొడదామా అత్తా అంది. వద్దన్నాను. ఇన్నేళ్ళు నువ్వు ఎడమకు వాలుగా సాన పట్టి పంపిన చిత్రికలకు అలా పడటమే న్యాయం.

మా ఊళ్ళో వాతావరణం ఇవాళ మహా బాగుంది.

కింద కాగితం చిరిగిపోతే విసుక్కోకు. పెన్నుతో సంతకం పెట్టబుద్ధి కాక ముద్రే కొడుతున్నాను.

డి. హోల్‌రాయిడ్